కొన్నవాళ్ల చిరునామా: పోస్టుకార్డు నుంచి ఈమెయిల్ దాకా

మన సంఘాల దగ్గర ఎన్ని పుస్తకాలు ఉన్నాయో సభ్యులందరికీ తెలుసు. మినిట్స్ పుస్తకం, పొదుపు లెడ్జరు, అప్పుల లెడ్జరు, నగదు పుస్తకం, ఒక్కొక్కరి చేతిలో పాసు పుస్తకం. ఎవరు ఎంత దాచుకున్నారు, ఎవరికి ఎన్ని వాయిదాలు మిగిలాయి అంటే పైసాతో సహా చెప్పగలం. బ్యాంకు మేనేజరు మనల్ని నమ్మి లింకేజీ అప్పు ఇచ్చేది ఈ పుస్తకాలు చూసే. అయితే మన పచ్చళ్లు, చీరలు, లేసులు, బొమ్మలు కొని తీసుకెళ్లినవాళ్లు ఎవరు, ఏ ఊరివాళ్లు, మళ్లీ కావాలంటే మనల్ని ఎలా పట్టుకుంటారు అనేది రాసుకునే పుస్తకం ఈ వరసలో లేదు. మేళాలో పది రోజులు స్టాలు ఉంటుంది. పదకొండో రోజు టెంటు విప్పుతారు. సరుకు అమ్ముడుపోతుంది, కొన్న మనిషి జనంలో కలిసిపోతుంది.

అందుకే ఈ ఏడాది నివేదికలో చరిత్ర వ్యాసానికి ఈ విషయం తీసుకున్నాం. ఒకసారి కొన్నవాళ్లకి ఉత్తరం రాసి సంబంధం నిలుపుకోవడం అనేది దాదాపు 150 ఏళ్ల కథ. ఇప్పుడు ఆ ఉత్తరం ఈమెయిల్‌గా వెళ్తోంది. నెలకో, రెండు నెలలకో క్రమంగా పంపే అలాంటి ఉత్తరాన్ని న్యూస్‌లెటర్ అంటున్నారు, అంటే వార్తాలేఖ. పేరు కొత్తదే గానీ పని పాతదే. ఆ పని ఎక్కడ ఎలా మొదలైంది, ఎక్కడ చెడింది, మళ్లీ ఎలా దారిలో పడింది అన్నది తెలుసుకుంటే మనకి పనికొచ్చేది చాలా ఉంది.

ముఖం చూడని బేరం

సంతలో అమ్మేవాళ్లకి ఉత్తరంతో పనిలేదు. పోయిన వారం చింతపండు తీసుకెళ్లిన వదిన ఈ వారం మళ్లీ వస్తుంది. బాగుంటే బాగుందంటుంది, లేకపోతే అక్కడే నిలదీస్తుంది. పాలు పోసే ఇంటికీ, కూరలు అమ్మే గంపకీ వాడుక అలాగే కుదురుతుంది. రోజూ ముఖాలు చూసుకోవడమే అక్కడ పూచీ.

సరుకు దూరం పోవడం మొదలయ్యాక ఈ పూచీ పోయింది. మన దేశంలో ఆ దూరం తగ్గించింది తపాలా శాఖ. 1877లో వీపీపీ పద్ధతి వచ్చింది. సరుకు పోస్టులో ఇంటికి వస్తుంది, పోస్ట్‌మాన్‌కి డబ్బు కట్టి విడిపించుకోవాలి, ఆ డబ్బు అమ్మినవాళ్లకి చేరుతుంది. ఇప్పుడు ఫోన్‌లో ఆర్డరు పెట్టి సరుకు వచ్చాక డబ్బు ఇస్తున్నామే, దానికి మూలం అదే. 1879 జులై 1న పావు అణా పోస్టుకార్డు వచ్చింది. 1880లో మనీఆర్డరు వచ్చింది. మూడేళ్లలో ఈ మూడూ రావడంతో పల్లెలో ఉన్న మనిషి పట్నంలోని దుకాణానికి కార్డు ముక్క రాసి సరుకు తెప్పించుకునే వీలు కలిగింది. కొనేవాళ్ల చిరునామా అమ్మేవాళ్ల చేతికి వచ్చింది కూడా అప్పుడే.

అంతకు కొంచెం ముందే అమెరికాలో ఇలాంటి వ్యాపారమే ఒకటి మొదలైంది. ఆరన్ మాంట్‌గోమరీ వార్డ్ అనే ఆయన ఊరూరా తిరిగి సరుకు అమ్మే ఉద్యోగం చేసేవాడు. పల్లెల్లో ఏ వస్తువు కొనాలన్నా ధర ఎక్కువని రైతులు చెప్పే మాటలు విన్నాడు. 1872లో షికాగో నుంచి ఒకే ఒక కాగితం అచ్చువేసి రైతులకి పంపాడు. దాని మీద 163 వస్తువుల పేర్లు, ధరలు ఉన్నాయి. ఎప్పుడూ చూడని మనిషికి డబ్బు పంపడమంటే ఎవరికైనా భయమే కదా. 1875లో ఆయన ఒక మాట ఇచ్చాడు: సరుకు నచ్చకపోతే డబ్బు వాపసు. ముఖం చూసి నమ్మే చోట మాట ఇచ్చి నమ్మించాల్సి వచ్చిందన్నమాట. పోస్టులో నడిచే వ్యాపారానికి మొదటి పాఠం ఇదే.

అడిగే ముందు ఇవ్వడం

రెండో పాఠం నాగళ్లు అమ్మే కంపెనీ నుంచి వచ్చింది. వ్యవసాయ పనిముట్లు తయారుచేసే జాన్ డీర్ కంపెనీ 1895లో 'ది ఫరో' అనే పత్రిక మొదలుపెట్టింది. ఆ పేరుకి అర్థం నాగటి చాలు. ఒకసారి నాగలి కొన్న రైతు మళ్లీ కొనడానికి ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ కొను కొను అని రాస్తే ఎవరు చదువుతారు? అందుకని ఆ పత్రికలో సేద్యానికి పనికొచ్చే విషయాలు ఇచ్చారు. రైతు తన పని కోసం చదివాడు. నాగలి మార్చే రోజు వచ్చేసరికి ఆ పేరు ఇంట్లో మనిషి పేరులా తెలిసిపోయింది. ఆ పత్రిక ఇప్పటికీ వస్తోంది.

మన తెలుగువాళ్లలోనూ ఈ కిటుకు తెలిసినవాళ్లు ఉన్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. సంగీత కచేరీల దగ్గర ఊరికే పంచిపెట్టి జనానికి అలవాటు చేశారు. అదే బొంబాయిలో 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించారు, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చారు. నొప్పికి రాసుకునే మందు మీద వచ్చిన డబ్బు తెలుగువాళ్లకి చదువుకునే పత్రిక అయింది.

మనకి ఇంకా దగ్గరి కథ కేసరి గారిది. మద్రాసులో కేసరి కుటీరం పెట్టి, ఆడవాళ్ల జబ్బులకి 'లోధ్ర' అనే మందు అమ్మిన కె.ఎన్. కేసరి గారు 1928లో 'గృహలక్ష్మి' అనే మాసపత్రిక మొదలుపెట్టారు. మందు ప్రచారానికి పెట్టిన పత్రికే అది. కానీ అందులో మందు ఒక్కటే లేదు. ఆడవాళ్లు రాసిన కథలు, వ్యాసాలు వేశారు. రచయిత్రులకి గృహలక్ష్మి స్వర్ణకంకణం ఇచ్చి గౌరవించారు. ఒంట్లో బాగాలేదని మగ డాక్టరు ముందు నోరు విప్పలేని కాలం అది. గడప దాటని ఆడవాళ్లకి నెలనెలా పోస్టులో ఒక పుస్తకం రావడం, అందులో తమలాంటి ఇంకొక స్త్రీ మాట కనపడటం చిన్న విషయం కాదు. మందు సీసా వాడేసి పారేసినవాళ్లు కూడా పత్రికను దాచుకున్నారు. ఈ రోజు పాత గృహలక్ష్మి సంచికలను వెతుక్కుంటూ పరిశోధకులు గ్రంథాలయాలకి వెళ్తున్నారు.

కొన్నవాళ్లకి రాసే ఉత్తరంలో వాళ్లకి ఏదో ఒక మేలు ఉండాలి అన్నది ఈ మూడు కథల సారం. అమ్మకం ఆ మేలు వెనకాల నడిచి వస్తుంది.

ఉత్తరానికి స్టాంపు లేని రోజు వచ్చింది

1971లో రే టామ్లిన్‌సన్ అనే అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటరు నుంచి ఇంకొక కంప్యూటరుకి నెట్‌వర్క్ మీద ఉత్తరం పంపాడు. మనిషి పేరుకీ యంత్రం పేరుకీ మధ్య @ గుర్తు పెట్టింది ఆయనే. అప్పట్లో ఆ నెట్‌వర్క్ పరిశోధన సంస్థల మధ్య మాత్రమే ఉండేది.

ఏడేళ్లు తిరక్కుండానే దాని మీద వ్యాపారం పడింది. 1978 మే 3న గ్యారీ థుర్క్ అనే కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి, మా కొత్త యంత్రాలు చూడటానికి రండి అంటూ దాదాపు 400 మందికి ఒకేసారి ఈమెయిల్ పంపాడు. వాళ్లలో ఎవరూ ఆయన్ని అడగలేదు. చిరునామాలు ఎంత పెద్ద జాబితా అంటే, పైన వాటికి కేటాయించిన గడిలో పట్టక ఉత్తరం లోపలికి వచ్చిపడ్డాయి. అందుకున్నవాళ్లు మండిపడ్డారు. నెట్‌వర్క్ నడిపేవాళ్లు ఇది నియమాలకి విరుద్ధమని కంపెనీని మందలించారు. ఆ ఉత్తరం వల్ల యంత్రాలు బాగానే అమ్ముడుపోయాయని థుర్క్ తర్వాత చెప్పుకున్నాడు.

ఇక్కడే పని చెడింది. పోస్టుకార్డుకి పావు అణా పెట్టాలి కాబట్టి ఎవరికి రాయాలో ఆలోచించి రాసేవాళ్లు. ఈమెయిల్‌కి స్టాంపు లేదు. పదిమందికి పంపినా లక్షమందికి పంపినా ఖర్చు పంపేవాళ్లకి పెద్దగా తగలదు. ఆ ఖర్చంతా అందుకున్నవాళ్ల సమయం మీద పడింది. అడగకుండా వచ్చిపడే ఈ ఉత్తరాలకి స్పామ్ అని పేరు వచ్చింది. స్పామ్ అంటే నిజానికి డబ్బాలో అమ్మే ఒక రకం మాంసం. ఒక హాస్య నాటికలో హోటలుకి వెళ్లినవాళ్లకి ఏది అడిగినా అదే పెడుతుంటారు, ఆ మాటే వినిపిస్తుంటుంది. అక్కడి నుంచి వచ్చింది ఈ పేరు.

మన దేశంలో సామాన్య జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది. మరుసటి ఏడాది 1996 జులైలో సబీర్ భాటియా, జాక్ స్మిత్ కలిసి హాట్‌మెయిల్ పేరుతో ఉచిత ఈమెయిల్ ప్రారంభించారు. భాటియా మన దేశంలో పుట్టి పెరిగినవాడే. వాళ్లు ప్రచారానికి పెద్దగా డబ్బు పెట్టలేదు. హాట్‌మెయిల్ నుంచి వెళ్లే ప్రతి ఉత్తరం అడుగున, మీరు కూడా ఉచితంగా ఈమెయిల్ పెట్టుకోండి అని ఒక్క వాక్యం ఉండేది. తెలిసినవాళ్ల దగ్గర నుంచి వచ్చిన ఉత్తరం కాబట్టి చదివారు, నమ్మారు, చేరారు. అడగని 400 మందికి రాసిన ఉత్తరం తిట్లు తెచ్చింది, తెలిసినవాళ్ల ఉత్తరం మనుషుల్ని తెచ్చింది.

అనుమతి అనే మాట

1999లో సేత్ గాడిన్ అనే ఆయన అమ్మకాల గురించి ఒక పుస్తకం రాశాడు. అందులో ముఖ్యమైన మాట అనుమతి. కొనేవాళ్లు సరేనంటేనే రాయాలి. రాసిన ఉత్తరం వాళ్లు ఎదురుచూసేది అయ్యుండాలి, వాళ్లకి సంబంధించినది అయ్యుండాలి.

ఆ మాట మెల్లగా చట్టాల్లోకి వచ్చింది. అమెరికాలో 2003లో చేసిన చట్టం ప్రకారం వ్యాపార ఈమెయిల్‌లో పంపినవాళ్ల నిజమైన పోస్టు చిరునామా ఉండాలి. ఇక వద్దు అని చెప్పే వీలు ఉండాలి, వద్దన్నాక 10 పనిదినాల్లో ఆపెయ్యాలి. పైన శీర్షిక ఒకటి పెట్టి లోపల ఇంకొకటి రాయకూడదు. కెనడాలో 2014 నుంచి ముందుగా అనుమతి ఉంటేనే పంపాలి. యూరప్‌లో 2018 నుంచి మనిషి వివరాలు వాడుకోవడం మీద గట్టి నియమాలు వచ్చాయి. మన ఆవకాయ, మన చీర కొనే తెలుగువాళ్లు ఈ దేశాలన్నిట్లో ఉన్నారు కాబట్టి ఇవి మనకి దూరపు సంగతులు కావు.

మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేశారు. ఎవరి వివరాలైనా కంప్యూటర్లో, ఫోన్‌లో పెట్టుకోవాలంటే ఎందుకో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఒప్పుకోవడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలి. ఇందులో మనం గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ సమాచార పత్రాన్ని ఇంగ్లీషులోనే కాకుండా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లోనూ చదువుకునే వీలు ఇవ్వాలి. తెలుగు అందులో ఉంది. ఏ యాప్ వాళ్లో, ఏ కంపెనీ వాళ్లో మన వివరాలు అడిగినప్పుడు తెలుగులో చూపించండి అని అడిగే హక్కును ఈ చట్టం మనకీ ఇస్తుంది.

మన దారి

అక్షరంతో మన సంఘాల చుట్టరికం చాలా పాతది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రి బడులకి వెళ్లి అక్షరాలు దిద్దిన ఆడవాళ్లే దూబగుంటలో సారా దుకాణం మూయించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. సారాకి పోకుండా మిగిలిన డబ్బు పొదుపు అయింది, పొదుపు సంఘం అయింది. 1982లో మొదలైన డ్వాక్రా పథకానికి మన దగ్గర ఊపు వచ్చింది ఆ తర్వాతే. వేలిముద్ర వేసే చోట సంతకం పెట్టడం నేర్చుకున్నాం. సంతకం దగ్గర నుంచి తీర్మానం రాయడం దాకా వచ్చాం. కొన్నవాళ్లకి ఉత్తరం రాయడం ఆ దారిలో తర్వాతి మెట్టు.

ఈ మెట్టు ఎందుకు ఎక్కాలో చెప్పుకోవాలి. మన సరుకు ఇంకొకరి దుకాణం ద్వారానో, ఫోన్‌లోని పెద్ద అంగడి ద్వారానో అమ్ముడైనప్పుడు డబ్బు మనకి వస్తుంది గానీ కొన్నవాళ్ల చిరునామా వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. రేపు వాళ్లు కమీషను పెంచినా, మన సరుకును అడుగుకి తోసి వేరేవాళ్లది పైన చూపించినా మనం ఎవరికీ చెప్పుకోలేం. ఎవరికి చెప్పాలో తెలియదు కాబట్టి. కొన్నవాళ్ల జాబితా మన దగ్గర ఉంటే అది మన వాటాధనం లాంటిది. ఇంకొకరు తీసుకుపోయేది కాదు.

వాట్సాప్ ఉంది కదా అని అడిగే సభ్యులు ఉన్నారు. ఆర్డరు మాట్లాడుకోవడానికి అది మంచిదే. కానీ గ్రూపు పెడితే అందులో ఉన్నవాళ్ల నంబర్లు అందరికీ కనపడతాయి. స్టాలులో కూర్చున్న అమ్మాయి సొంత నంబరు ఊరందరికీ పోతుంది. ఆ తర్వాత రాత్రిపూట వచ్చే పిచ్చి ఫోన్ల బాధ ఎలాంటిదో ఆడవాళ్లం మనకి ఒకరు చెప్పక్కర్లేదు. సమాఖ్య పేరు మీద ఒక ఈమెయిల్ ఉంటే ఎవరి సొంత నంబరూ బయటికి పోదు. స్టాలు చూసుకునే మనిషి మారినా చిరునామా మారదు.

ఉత్తరం ఎలా ఉండాలి

పైన చెప్పుకున్న చరిత్రంతా మనకి నేర్పేది కొద్ది విషయాలే.

మొదటిది, అడిగి రాసుకోవాలి. మేళా స్టాలులో ఒక పుస్తకం పెట్టి, రెండు నెలలకి ఒకసారి ఉత్తరం పంపుతాం, ఇష్టమైతే మీ పేరు, ఈమెయిల్ రాయండి అని పైన తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంచాలి. రాయమని బలవంతం వద్దు. ఆ పుస్తకం ఇంకెవరికీ ఇవ్వకూడదు, అమ్మకూడదు. పొదుపు పుస్తకాన్ని ఎలా కాపాడుకుంటామో దాన్నీ అలాగే కాపాడాలి.

రెండోది, ఒకరి చిరునామా ఇంకొకరికి కనపడకూడదు. ఈమెయిల్‌లో బీసీసీ అని ఒక గడి ఉంటుంది. చిరునామాలన్నీ అందులో పెడితే ఎవరి ఉత్తరం వాళ్లకే వచ్చినట్టు ఉంటుంది. మామూలు ఉచిత ఖాతా నుంచి రోజుకి కొన్ని వందల మందికే పంపనిస్తారు. మన మొదటి జాబితాకి అది చాలు. పెరిగాక, వద్దన్నవాళ్ల పేర్లు వాటంతటవే తీసేసే సేవలు ఉన్నాయి, వాటిలోకి మారవచ్చు.

మూడోది, మేలు ముందు, అమ్మకం తర్వాత. ఆవకాయ కొన్నవాళ్లకి మార్చిలో ఉత్తరం రాస్తే ఇలా రాయవచ్చు: ఈ ఏడు పూత ఎలా ఉంది, కాయ ముదరడానికి ఇంకెన్నాళ్లు పడుతుంది, పోయిన ఏటి పచ్చడి జాడీలో మిగిలి ఉంటే పైన నూనె తేలి ఉందో లేదో చూసుకోండి, తడి గరిటె పెట్టకండి. చివర ఒక్క మాట, కొత్త పచ్చడి కావాలంటే ఫలానా తేదీలోపు చెప్పండి అని. కలంకారీ చీర కొన్నవాళ్లకి దాన్ని ఎలా ఉతకాలో, నీడన ఎందుకు ఆరెయ్యాలో చెప్పాలి. లేసు కొన్నవాళ్లకి ఒక అల్లిక పూర్తవడానికి ఎంతసేపు పడుతుందో చెబితే ధర ఎందుకు అంతో వాళ్లకే అర్థమవుతుంది. ఇవన్నీ మనకి చేతి వేళ్ల మీద ఉన్న సంగతులు. దీనికి పట్నం నుంచి రాసేవాళ్లని తెచ్చుకోనక్కర్లేదు.

నాలుగోది, చెప్పిన వేళకి పంపాలి. రెండు నెలలకి అంటే రెండు నెలలకే. వారం వారం పంపితే విసుగు, ఏడాదికి ఒకసారి పంపితే మనల్ని మరిచిపోతారు. సమావేశం తేదీ తప్పకుండా నడిపే మనకి ఇది కష్టమైన పని కాదు.

ఐదోది, ఆపమంటే ఆపాలి. ఉత్తరం అడుగున, ఇక వద్దనుకుంటే 'వద్దు' అని ఒక్క మాట రాసి పంపండి అని ఉండాలి. అలా రాసినవాళ్ల పేరు ఆ రోజే కొట్టెయ్యాలి. 2024 నుంచి జీమెయిల్, యాహూ వంటి పెద్ద సంస్థలు వేలమందికి పంపేవాళ్లు దీన్ని ఒక్క నొక్కుతో అయ్యేలా పెట్టి తీరాలని నియమం పెట్టాయి. అందుకున్నవాళ్లలో వెయ్యికి ముగ్గురు ఇది స్పామ్ అని ఫిర్యాదు చేస్తే చాలు, ఉత్తరాలు చేరడం కష్టమవుతుంది. పేరు పోవడానికి ఎక్కువమంది అక్కర్లేదని సంఘం నడిపేవాళ్లకి తెలియంది కాదు.

ఆరోది, జవాబు వస్తే చదవాలి. పచ్చడిలో ఉప్పు ఎక్కువైందని ఒకరు రాస్తే ఆ మాట కలిపిన చేతి దాకా చేరాలి. సరిచేసి, సరిచేశామని వాళ్లకి తిరిగి రాయాలి. సంతలో నిలదీసే వదిన మనకి పోస్టులో దొరికేది ఇలాగే.

తీర్మానానికి

మన సభ్యుల్లో ఈమెయిల్ పెట్టుకున్నవాళ్లు తక్కువే, నిజమే. కానీ ఫోన్‌లో తెలుగు టైపు చేసే కూతుళ్లు, కోడళ్లు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. చెప్పేది అక్క, టైపు చేసేది చెల్లెలు అయితే పని జరుగుతుంది. ఈ ఏటి మహాసభ ముందు మేం మూడు విషయాలు పెడుతున్నాం. సమాఖ్య పేరు మీద ఒక ఈమెయిల్ తెరిచి దాని తాళం ఇద్దరు పదాధికారుల దగ్గర ఉంచడం. ప్రతి మేళా స్టాలులో కొన్నవాళ్ల పుస్తకం పెట్టడం. రెండు నెలలకి ఒక ఉత్తరం చొప్పున ఏడాదికి ఆరు ఉత్తరాలు, ఒక్కోసారి ఒక్కో మండలం వంతున రాయడం.

వచ్చే ఏడు నివేదికలో పొదుపు, అప్పు, రికవరీ పట్టికల పక్కన ఇంకొక గడి ఉండాలని కోరుకుంటున్నాం. అందులో ఎంతమందికి ఉత్తరం పంపాం, ఎంతమంది మళ్లీ కొన్నారు, ఎంతమంది వద్దన్నారు అన్న మూడు అంకెలు ఉంటే చాలు. గ్రామ సంఘాలు ఈ విషయం నెలవారీ సమావేశంలో చదివి, చర్చించి, తమ మాట తీర్మానంగా రాసి పంపాలని మనవి.